క్లచ్ ప్లేట్లు పోలేదు, కేబుల్ ఔటర్ పోయింది

మా పాత బజాజ్ చేతక్ స్కూటరు క్లచ్ నిన్న సాయంత్రానికి దారికొచ్చింది. ఇంజిను దించలేదు, ప్లేట్లు మార్చలేదు, ఏ మెకానిక్కుకీ రూపాయి ఇవ్వలేదు. చేతులకి గ్రీజు వాసన పోకముందే రాసేస్తున్నాను. వైజాగ్‌లో ఇంకా గేర్ల స్కూటర్లు తోలేవాళ్ళు ఉన్నారు, నాకు జరిగింది వాళ్ళకి జరగకూడదు.

పనిలో పనిగా వెనక బ్రేకు కూడా విప్పి సరిచేశాను. మొదట దాని సంగతి చెప్తాను, అది తేలిక. వెనక చక్రం మధ్య నట్టుని బండి నేల మీద ఉండగానే, ఒకరు ఫుట్‌బ్రేకు తొక్కి పట్టుకుంటే వదులు చెయ్యాలి. స్టాండు వేశాక తిప్పితే నట్టుతో పాటు చక్రమూ తిరుగుతుంది. బ్రేకు డ్రమ్ములో పేరుకున్న పొడిని నోటితో ఊదకండి. పాత బ్రేకు షూల్లో (డ్రమ్ముని లోపలి నుంచి ఒత్తి చక్రాన్ని ఆపే ముక్కలు) ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే చాలా ప్రమాదం. తడిగుడ్డతో తుడవండి. ఆస్‌బెస్టాస్ లేని షూలైతే, నున్నబడి మెరుస్తుంటే శాండ్ పేపరుతో రుద్దాలి. షూలని విడదీసే క్యామ్‌కి కొద్దిగా గ్రీజు, షూలకి మాత్రం అంటకూడదు. మధ్య నట్టు ఊడకుండా పట్టే స్ప్లిట్ పిన్ను ఎప్పుడూ కొత్తదే వెయ్యాలి. అడ్జస్టింగ్ నట్టు బిగిస్తూ పోయి, చక్రం రాసుకోగానే కొంచెం వెనక్కి తిప్పితే సరి. నా బ్రేకు ఇప్పుడు ఏ షోరూం బండికీ తీసిపోదు.

అసలు గొడవంతా క్లచ్‌తోనే. మేముండేది పెదవాల్తేరు. సముద్రపు గాలికి ఇక్కడ ఏ ఇనుమూ నిలవదు. క్లచ్ లీవరు బిగుసుకుపోయి, కేబుల్ చివర నిపిల్ (లీవరులో ఇరికే లోహపు గుండు) దగ్గర పోగులు తెగడం మొదలైతే, ఇన్నరూ (లోపల లాగే తీగ) ఔటరూ (దాని మీది గొట్టం) కలిపి కొత్త సెట్టు తెచ్చి వేయించాను. ఆ రోజు నుంచే కొత్త రోగం. లీవరు పూర్తిగా నొక్కినా ఫస్టు గేరులో బండి ముందుకు పాకేది. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర న్యూట్రల్ పడక, వెనక ఆటోవాళ్ళు హారన్లు కొడుతుంటే ఇంజిను ఆపేసుకుని నిలబడాల్సి వచ్చింది.

మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్తే బండి మీద చెయ్యి కూడా వెయ్యలేదు. "ప్లేట్లు అరిగిపోయాయి, ఇంజిను దించాలి" అన్నాడు. ఆ తర్వాత అక్కడున్న నలుగురికీ వినబడేలా "ఏటి సార్, ఇంకా ఇదే తోలుతున్నారా? తుక్కోడికిచ్చీండి" అన్నాడు. పక్కన కుర్రాళ్ళు నవ్వారు. అది మా నాన్నగారి బండి. దాని మీద కూర్చునే నేను స్కూలుకెళ్ళాను. బజాజ్ వాళ్ళు 2009లో స్కూటర్లు మానేస్తున్నామని చెప్పినంత మాత్రాన ఇళ్ళల్లో ఉన్న బండ్లు తుక్కైపోవు. మరమ్మతు చేసేవాడికి వస్తువంటే గౌరవం ఉండాలి. అది లేనివాడు స్పానర్ పట్టకూడదు.

ఇంటికొచ్చి ఆలోచిస్తే అతను చెప్పిందే తప్పని తేలింది. ప్లేట్లు అరిగితే క్లచ్ జారుతుంది. ఎక్సలేటరు ఇస్తే ఇంజిను అరుస్తుంది, బండి లాగదు. నాది సరిగ్గా దానికి ఎదురు, లీవరు నొక్కినా క్లచ్ ఇంజిన్ని చక్రం నుంచి విడదీయడమే లేదు. ప్లేట్లు వంకరపోయినా అలా జరగొచ్చు, కానీ కేబుల్ మార్చిన రోజునే వంకరపోతాయా?

ఇంజిను ఆపి, బండి సెంటర్ స్టాండు మీద పెట్టి, టార్చి పట్టుకుని కింద పడుకున్నాను. "నొక్కరా" అంటే మావాడు పైన లీవరు నొక్కాడు. ఇంజిను అడుగున, కేబుల్ లాగితే కదిలి క్లచ్‌ని విడదీసే ఆర్ము కదిలీ కదలనట్టుంది. "పూర్తిగా నొక్కు." "పూర్తిగానే నొక్కాను నాన్నా!" మరి ఆ లాగిన లాగుడంతా ఎక్కడికి పోతున్నట్టు? హ్యాండిల్ కింద చూస్తే దొరికింది. నొక్కినప్పుడల్లా ఔటర్ ముడుచుకుంటోంది, వదిలితే సాగుతోంది. దాని చివర ఇనప టోపీ కూడా లేదు, ప్లాస్టిక్కు నలిగి అడ్జస్టరులోకి (కేబుల్ బిగువు సరిచేసే మర) దిగబడిపోయింది.

పైన ప్లాస్టిక్కు తొడుగున్నా, ఔటర్ లోపల ఉండేది తీగ చుట్ట. చుట్లు ఒకదానికొకటి ఆనుకుని గట్టిగా ఉంటేనే లీవరు లాగుడు ఆర్ము దాకా వెళ్తుంది. చుట్ల మధ్య సందులుంటే లాగుడంతా ఆ సందులు మూసుకోడానికే సరిపోతుంది. నాకు అంటగట్టింది పక్కా డూప్లికేటు. అడిగితే షాపువాడు "వాడిన మాల్ వెనక్కి తీసుకోం" అన్నాడు. ఆ షాపు గడప మళ్ళీ తొక్కను. ఔటర్ కొనేముందు రెండు చివర్లూ పట్టుకుని లోపలికి నొక్కి చూడండి. కొంచెం ముడుచుకున్నా అక్కడే వదిలేసి రండి.

మంచి ఔటర్ ఇంకో చోట దొరికింది. పాత ఔటర్‌లోంచి, కొత్తదాంట్లోంచి ఒకే పొడుగాటి తీగ దూర్చి, అతుకు మీద ఉబ్బు లేకుండా టేపు చుట్టాం. మావాడు పైనుంచి తోస్తుంటే నేను కింద నుంచి లాగాను. హ్యాండిల్ కింద మలుపులో ఇరుక్కుంది. బలం పెట్టకుండా హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే జారి వచ్చేసింది. ఇన్నరుకి మొత్తం పొడుగునా గ్రీజు రాసి దూర్చాను. ఆయిల్ పోస్తే చాలంటారు గానీ, ఈ ఉప్పుగాలికి ఆయిల్ నిలవదు.

లీవరుకి, దాని పట్టుకి మధ్య రూపాయి బిళ్ళ దూరేంత ఆట ఉంచి, అడ్జస్టరు కదలకుండా పట్టే చెక్ నట్టు బిగించాను. ఆట బొత్తిగా లేకపోతే క్లచ్ సగం నొక్కినట్టే ఉండి ఎక్కుడులో జారుతుంది. అందుకే నేరుగా సింహాచలం ఘాట్ ఎక్కించాను. సెకండు గేరులో ఎక్కడా తడబడలేదు, పైన ఆపితే న్యూట్రల్ టక్కున పడింది.

అదనంగా ఒక ఇన్నర్ కొని, గ్రీజు రాసి కవర్లో చుట్టి బండి డిక్కీలో పెట్టాను. రోడ్డు మీద తెగేది ఇన్నరే, అదీ నిపిల్ మొదట్లోనే. అక్కడ ఒక్క పోగు లేచి కనిపించినా మార్చెయ్యండి.