తార గాంధారం, నాలుగు లీటర్ల గాలి

చిక్కడపల్లిలో సంగీతం నేర్చుకుంటున్న ఈ మూడేళ్లలో నన్ను తాళం కంటే తార గాంధారం, అంటే పై స్థాయిలోని 'గ' స్వరం, ఎక్కువగా బాధించింది. ఒకటో శ్రుతిలో (C ఆధార స్వరంగా) తార షడ్జం, అంటే పై 'స', వరకు సాఫీగా నడిచే గొంతు ఆపైన బిగుసుకుపోయేది, లేదా జీరపోయేది. ఊపిరి చాలకపోవడమే కారణమని నిశ్చయించుకొని, ఇందిరా పార్కులో ఉదయపు నడక పెంచాను. చివరికి శ్వాస పరీక్ష కూడా చేయించుకున్నాను. గొట్టంలోకి బలమంతా పెట్టి ఊదితే నాలుగు లీటర్లకు కాస్త పైన వచ్చింది. నా ఎత్తుకూ వయసుకూ అది చక్కగా సరిపోతుందన్నారు. సంతోషించవలసిన మాటే గానీ, నెపం వేయడానికి ఇక ఊపిరితిత్తులు మిగలలేదని కొంత నిరాశపడ్డాను.

స్వరం ఎత్తును నిర్ణయించేది స్వరతంత్రుల పొడవు, బిగువు, మందం. నా మధ్య స్థాయి షడ్జంలో అవి సెకనుకు సుమారు 130 సార్లు కంపిస్తే, తార షడ్జంలో 260 సార్లు కంపించాలి; అందుకు స్వరపేటిక కండరాలు వాటిని సాగదీసి పలచబరుస్తాయి. అలా బిగిసిన తంత్రులను కదిలించడానికి కింది నుంచి గాలి ఒత్తిడి కొంత ఎక్కువ కావాలన్నది నిజమే. అయితే ఒత్తిడి వేరు, గాలి పరిమాణం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా భావించడమే నా పొరపాటు.

గాలి నిండుగా పీల్చినప్పుడు ఊపిరితిత్తులూ పక్కటెముకల గూడూ ఊదిన బెలూన్ లాగా తమంతట తామే ముడుచుకోవాలని చూస్తాయి. అప్పుడు పుట్టే ఒత్తిడి సన్నని స్వరానికి అవసరమైన దానికంటే చాలా ఎక్కువ. దానిని ఉదరవితానం (డయాఫ్రమ్), పక్కటెముకల మధ్య కండరాలు నిదానంగా నిలువరించాలి; అవి ఆ పని మానేస్తే గొంతే అడ్డుపడి బిగుసుకుంటుంది. పైగా ఒత్తిడి పెరిగిన కొద్దీ స్వరం కూడా కొంచెం పైకి జరుగుతుంది కనుక, బలవంతంగా పలికిన గాంధారం శ్రుతి తప్పి వినిపించేది. "గాలి ఎక్కువైంది, సగమే తీసుకొని పాడండి" అని గురువుగారు అన్న రోజున నాకిదంతా తెలియదు, పొదుపు చేయమంటున్నారనుకున్నాను.

ఊపిరి పరిమాణం ఉపయోగపడేది మరోచోట: సుదీర్ఘమైన సంగతిని (పాటలోని ఒక పంక్తిని మార్చి పాడే తీరును) తెగకుండా ముగించడంలో, 'ఆ' అంటూ అకారాన్ని నిలపడంలో. దానిని పెద్దవయసులో సాధనతో పెంచుకోగలిగేది స్వల్పమే. ఉన్నదానిని ఖర్చుపెట్టే తీరే మారుతుంది. త్యాగరాయ గానసభలో ముందు వరుసలో కూర్చున్నప్పుడల్లా నేనిప్పుడు గాయకుల భుజాలనే గమనిస్తున్నాను. అనుభవజ్ఞుల భుజాలు దాదాపు కదలవు.

ప్రస్తుతం సగం ఊపిరితో జంట వరుసలు (ఒక్కో స్వరాన్ని రెండేసి సార్లు పలికే అభ్యాసాలు) పాడి, ఆ తర్వాతే తార స్థాయి తాకుతున్నాను. గాంధారం పది సార్లలో ఏడు సార్లు నిలుస్తోంది. దానిపై స్వరమైన మధ్యమం జోలికి మాత్రం గురువుగారు ఇంకా పోనివ్వడం లేదు.