ఎలుకలూ జింకలూ

పొద్దున్నే నా ఫ్రెండ్ నుంచి ఫోను. హలో కూడా లేదు. "లియర్‌లో ఆ టామ్ జింకల్ని తింటాడా? తిండికి గతిలేనివాడికి జింక ఎక్కడ దొరికిందే?" అంది. పరీక్షకి ఇంకా తొమ్మిది రోజులే కాబట్టి దాని టెన్షన్ నాకర్థమైంది.

షేక్స్‌పియర్ నాటకం 'కింగ్ లియర్', మూడో అంకం, నాలుగో సీన్. పిచ్చి టామ్ వేషంలో ఉన్న ఎడ్గర్, ఏడేళ్లుగా తను ఏం తిని బతుకుతున్నాడో చెబుతాడు: 'మైస్ అండ్ రాట్స్ అండ్ సచ్ స్మాల్ డీర్.' మా ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకటే గైడు. అందులో ఈ లైనుకి అర్థం లేదు గానీ, "పేదరికాన్ని కవి హృద్యంగా వర్ణించాడు" అని ఉంది. ఆ వాక్యం ఏ నాటకం కింద పెట్టినా అతుకుతుంది. పోయిన సెమిస్టర్‌లో అలాంటివే రాసి మార్కులు తెచ్చుకున్నాను, అది వేరే సంగతి.

"ఉండు, చూసి చెబుతా" అని ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు తెరిచాను. లైబ్రరీ వాళ్ల లాగిన్ ఉన్నా నేను వాడింది తక్కువే. పాత ఇంగ్లిష్‌లో డీర్ అంటే జంతువు, ఏ జంతువైనా సరే. పోనుపోను జింక ఒక్కటే మిగిలింది. అర్థం ఒక్కటే ఇచ్చి ఊరుకోరు. ఏ సంవత్సరంలో ఎవరు ఆ మాటని ఎలా వాడారో వాక్యాలతో సహా చూపిస్తారు. 1884లో మొదటి భాగం వస్తే 1928కి గానీ పూర్తి కాలేదట. మాటమాటకీ జాతకం రాస్తే అవదా మరి!

మన 'మృగం' గుర్తొచ్చింది. క్రూరమృగం అంటే పులో సింహమో. మృగనయని అంటే మాత్రం జింక కళ్లది. ఫోన్ చేసి చెబితే, "పులి కళ్లది అనుకోకూడదన్నమాట" అని పడీపడీ నవ్వింది. ఒకప్పుడు చీర అంటే ఏ బట్టైనా, మీట్ అంటే ఏ తిండైనా అని కూడా చెప్పాను. అప్పటికే పెట్టేసింది.

మధ్యాహ్నం నా వంతు. ఆరో సీన్‌లో లియర్, ఎదురుగా లేని కూతుళ్లని ఉన్నట్టే ఊహించుకుని విచారణ జరుపుతాడు. మేడమ్ దాని మీద గంటసేపు చెప్పారు. నా ఈ-బుక్‌లో ఆ ముక్కే లేదు! డౌన్‌లోడ్ సరిగ్గా అవలేదేమోనని రెండుసార్లు మళ్లీ దింపాను. ఊహూఁ.

చివరికి ముందుమాట చదివితే తేలింది. 1608 నాటి క్వార్టోలో, అంటే ఈ నాటకం ఒక్కటే విడిగా అచ్చైన చిన్న పుస్తకంలో, విచారణ ఉంది. 1623 ఫోలియోలో, అంటే షేక్స్‌పియర్ నాటకాలు కలిపి వేసిన పెద్ద పుస్తకంలో, లేదు. క్వార్టోలో ఉన్న దాదాపు మూడొందల లైన్లు ఫోలియోలో కనబడవు. ఫోలియోలో ఓ వంద లైన్లు కొత్తగా ఉన్నాయి. నా దగ్గరున్నది ఉత్త ఫోలియో. క్లాసులో చెప్పింది రెండూ కలిపి కూర్చిన పాఠం. ఇదంతా మూడో పేరాలోనే ఉంది. ముందుమాటలు దాటేసి నేరుగా మొదటి అంకానికి వెళ్లే అలవాటు నాకు.

రాత్రి దానికి మెసేజ్ పెట్టాను. "మరి పరీక్షకి ఏది చదవాలే?" అని వెంటనే జవాబు. సిలబస్ కాగితం తీసి చూశాను. నాటకం పేరు పక్కనే బ్రాకెట్లో ఎడిటర్ పేరు, ఎడిషన్ ఉన్నాయి. సెమిస్టర్ మొదటి రోజు నుంచీ అక్కడే ఉన్నాయి.