లొకాంతాలో మన పిల్లల కంచం

ఇస్తాంబుల్‌లోనో అంకారాలోనో కాపురం పెట్టిన తెలుగు కుటుంబాలకు హలాల్ అన్న మాట తిండి దగ్గర పెద్దగా అక్కరకు రాదు. పంది మాంసం లేదనీ, పద్ధతి ప్రకారం కోశారనీ మాత్రమే అది చెబుతుంది. మన ఇళ్లలో ప్రశ్న వేరు. ఇందులో గొడ్డు మాంసం ఉందా? శాకాహారులైతే, మాంసం ఉడికిన నీళ్లేమైనా పడ్డాయా? ఈ రెండూ అడగడం బడికెళ్లే వయసు పిల్లలకు నేర్పేస్తే సగం బెంగ తీరుతుంది. అమ్మానాన్నలు పక్కన లేనప్పుడు వాళ్లే అడుక్కోగలుగుతారు.

ముందుగా టర్కిష్ మాటలు. ఎత్ అంటే మాంసం, కానీ వాడుకలో కోడి అందులోకి రాదు. "ఎత్ తినం" అంటే చికెన్ తెచ్చిపెడతారు. అది మోసం కాదు, వాళ్ల లెక్కలో సరిగ్గానే విన్నారు. అందుకని ఎత్, తవుక్ (కోడి), బాలిక్ (చేప) మూడూ విడివిడిగా చెప్పాలి. దనా అన్నా, సిగిర్ అన్నా గొడ్డు మాంసమే. కుజు గొర్రెపిల్ల. కియ్మా మన కీమానే, మాట కూడా ఒక్కటే, కాకపోతే అక్కడ అది ఎక్కువగా దనాతోనో, దనా, కుజు కలిపో చేస్తారు. కొఫ్తె (మాంసం ఉండలు), లహ్మజున్ (కీమా పరిచి కాల్చిన పలుచని రొట్టె), పిజ్జా మీది సుజుక్ (మసాలా సాసేజ్) ముక్కలు, ఎత్ దోనెర్ (కమ్మీకి గుచ్చి కాల్చి చెక్కిన మాంసం), బర్గర్ అన్నిటికీ ఇదే లెక్క. ప్యాకెట్ మీద 'హింది' అని కనిపిస్తే మన భాష కాదు, టర్కీ కోడి. మనవాళ్లను హింత్లి అంటారు.

పిల్లలతో బయట తినడానికి ఎస్నాఫ్ లొకాంతాను మించింది లేదు. బజారు వీధుల్లో దుకాణాలవాళ్లు మధ్యాహ్నం తినే చోటు అది. అద్దం వెనక ట్రేలలో వంటలు పరిచి ఉంటాయి, వేలితో చూపిస్తే వడ్డిస్తారు. పన్నెండు, ఒంటి గంట మధ్య వెళ్లాలి. రెండు దాటితే మంచి కూరలు అడుగంటిపోతాయి. పొరపాటు జరిగేదీ ఈ అద్దం దగ్గరే. నిలువునా చీల్చి కూరిన వంకాయ చూడగానే పిల్లలు గుత్తి వంకాయ అనుకుంటారు. అది రెండు రకాలు. ఉల్లిపాయ, టమాటా కూరి, ఆలివ్ నూనెలో మగ్గించి చల్లగా పెట్టేది ఇమామ్ బాయిల్ది. అదే వంకాయలో కియ్మా పెట్టి వేడిగా ఇచ్చేది కర్నియారిక్. దూరం నుంచి కవలల్లా ఉంటాయి. సాధారణంగా 'జెయ్తిన్‌యాలి' (ఆలివ్ నూనెతో చేసినవి) అని రాసి చల్లగా ఉన్న కూరల్లో మాంసం ఉండదు. ద్రాక్షాకులో చుట్టిన సర్మా కూడా అంతే, చల్లనిదైతే బియ్యం, వేడిదైతే చాలావరకు కియ్మా.

చిక్కంతా కంటికి కనబడని వాటితోనే. మెర్జిమెక్ చోర్బా పేరుకు ఎర్ర పప్పు చారే, కొన్నిచోట్ల ఎముకల నీళ్లతో కాస్తారు. పిలావ్‌లో కోడి నీళ్లు పోయడమూ ఉంది. "ఎత్ సుయు వార్ మి?" (మాంసం నీళ్లున్నాయా?), "తవుక్ సుయు వార్ మి?" (కోడి నీళ్లున్నాయా?) ఈ రెండు ప్రశ్నలు పిల్లల నాలుక మీద ఆడాలి. మిఠాయిల్లో తవుక్ గోసు అనే తెల్లటి పాల స్వీటులో నిజంగానే కోడి రొమ్ము మాంసాన్ని పీచుపీచుగా తీసి కలుపుతారు. రుచికి తెలియదు, పేరే చెప్పాలి. దాని బదులు సుత్లాచ్ తీసుకోండి, పరమాన్నానికి దగ్గరి చుట్టం.

జెల్లీ మిఠాయిల మీద హలాల్ ముద్ర చూసి నిశ్చింతగా కొనేస్తుంటారు. వాటిలో మామూలుగా వాడేది సిగిర్ జెలాతిని, అంటే గొడ్డు జెలటిన్. రాతలో గ కనిపించినా పలుకులో వినిపించదు, 'సీర్' అంటారు. మార్ష్‌మాలోలకూ ఇదే సంగతి. పుట్టినరోజు పార్టీకి పంపేముందు ఈ ఒక్క మాట పిల్లలకు గుర్తుపట్టడం నేర్పాలి. దీనికి విరుద్ధంగా చి కొఫ్తె పేరు పచ్చి మాంసం ముద్ద అని భయపెడుతుంది గానీ, గొలుసు దుకాణాల్లో అమ్మేది 'ఎత్సిజ్', మాంసం లేనిదే. సన్న బుల్గుర్ (గోధుమ నూక), టమాటా ముద్ద, ఇసోత్ మిరప కలిపి పిసికి లవాష్ అనే పలుచని రొట్టెలో చుట్టి ఇస్తారు. పిల్లలకు 'అజిసిజ్' అంటే కారం లేకుండా కడతారు.

వడ్డించేవాళ్లను ఆబి (అన్నా), ఆబ్లా (అక్కా) అని పిలవమనండి. మన పిల్లలకు ఇది ఇట్టే పట్టుబడుతుంది. ఎందుకంటే టర్కిష్‌లోనూ బాబాయి ఆమ్జా, మేనమామ దాయి, మేనత్త హాలా, పిన్ని తేయ్జె. ఇంగ్లిష్ అంకుల్, ఆంటీల్లో పోయిన తేడా ఇక్కడ నిలిచే ఉంది. రొట్టె ముక్క కింద పడితే అక్కడివాళ్లు తీసి ముద్దుపెట్టి నుదుటికి ఆనించుకుంటారు. మనం అన్నాన్ని కళ్లకద్దుకోవడం లాంటిదే అని ఆ క్షణంలోనే పిల్లలకు చెప్పాలి. తర్వాత చెబితే పాఠమైపోతుంది.

చాలా ప్రాథమిక పాఠశాలల్లో 'బెస్లెన్మె' (చిరుతిండి) వేళ ఉంటుంది, ఏ రోజు ఏం తేవాలో వారానికో పట్టిక ఇస్తారు. ఆ పట్టికను పక్కనపెట్టి రోజూ పెరుగన్నం పంపడం మాకు సబబుగా తోచదు, పిల్ల ఒంటరిదైపోతుంది. పొఆచా (లోపల కూరి కాల్చే చిన్న బన్ను) రాసిన రోజు పొఆచానే పంపి, లోపల పసుపు, జీలకర్ర వేసిన బంగాళాదుంప కూర పెట్టండి. టీచరుకు రాసి ఇవ్వాల్సింది రెండే వాక్యాలు: "చొజుమ్ ఎత్, తవుక్, బాలిక్ యెమియొర్. ఎత్ సుయు వె జెలాతిన్ దె ఒల్మసిన్." (మా పిల్ల మాంసం, కోడి, చేప తినదు. మాంసం నీళ్లు, జెలటిన్ కూడా ఉండకూడదు.)

ఇంటి వంటకు సరుకులు ఆ పక్క కొట్లోనే ఉన్నాయి. పుట్నాల పప్పు బదులు సారి లెబ్లెబి. ఉప్పు పట్టించినవీ ఉంటాయి కనుక చట్నీలో ఉప్పు చివర్లో వేయండి. ఉప్మా రవ్వకు ఇర్మిక్. చింతపండు లోటు తీర్చడానికి 'నార్ ఎక్షిసి' (దానిమ్మ పులుసు) కొనండి. 'నార్ ఎక్షిలి సోస్' అని ఎక్కడైనా కనిపిస్తే అది దానిమ్మ రుచి తగిలించిన చక్కెర పాకం, చారును తియ్యగా చేసేస్తుంది. పుల్ బిబెర్ కారంలో తరచు ఉప్పు, నూనె కలిపే ఉంటాయి.

వేసవి సంతల్లో కట్టలుగా దొరికే సెమిజోతు మరేదో కాదు, మన గంగవాయిలి కూర. వాళ్లు వెల్లుల్లి పెరుగులో పచ్చిగా కలుపుకుంటారు, అదీ పిల్లలకు పెట్టండి. మనకు పప్పు. కంది పప్పు మామూలు కొట్లలో దొరకదు, ఎర్ర పప్పు గ్లాసుకు మూడు గ్లాసుల నీళ్లు పోస్తే కుక్కరు లేకుండానే ఇరవై నిమిషాల్లో మెత్తబడుతుంది. ఆకు చివరి ఐదు నిమిషాల్లోనే వేయాలి, ముందే వేస్తే జిగురు దిగుతుంది. ఆకులోనే పులుపు ఉంది, రుచి చూశాకే నిమ్మకాయ పిండండి.