కొలతల గడిలో లెక్క

నిద్రకు ముందు చూడకుండా ఉండవలసింది. సహచరులు పంపిన పట్టికలో డక్ట్ (సముద్రం మీద రేడియో తరంగాలను పట్టి ఉంచే గాలి పొర) ఎత్తు 13 మీటర్లని, అదీ నేరుగా కొలిచిన విలువల వరుసలో చేర్చారు. నిజానికి ఓడ మీద ఒకే ఎత్తున గాలి వేగం, ఉష్ణోగ్రత, తేమ, పీడనం నమోదు చేసి, నీటి ఉష్ణోగ్రతతో కలిపి సూత్రంలో వేసి రాబట్టిన అంకె అది. "అంకె వచ్చింది కదా, ఇక పడుకో" అన్నారు ఇంట్లో. నా సంగతి మీకు తెలియనిది కాదు.

నీటిని ఆనుకున్న గాలిలో నిండుగా ఉండే తేమ మొదటి కొన్ని మీటర్లలోనే చప్పున తగ్గిపోతుంది కనుక, అక్కడ రేడియో తరంగం భూమి వంపును మించి కిందికి వంగి, నీటిని తాకి లేచి, మళ్లీ వంగుతూ సాగిపోతుంది. మామూలు గాలిలో 5 మీటర్ల ఎత్తున్న రెండు యాంటెన్నాలకు దాదాపు 18 కిలోమీటర్ల దగ్గరే దిగంతం అడ్డొస్తుంది. ఈ డక్ట్‌లో చిక్కిన 10 గిగాహెర్ట్జ్ సంకేతం దాన్ని దాటి ఎంతో దూరం వినబడుతుంది.

ఆ కొద్ది మీటర్ల గాలిని కొలవడమంటే ఏమిటో చిన్న పడవలో తెలిసింది. పెద్ద ఓడ ఇనుప ఒళ్లు తన చుట్టూ గాలిని వేడెక్కించి, దారి మళ్లిస్తుందని, మేము పడవ ముందుకు చాచిన గడకు సెన్సర్ కట్టి దించేవాళ్లం. తుంపర ఎండి దాని తొడుగు మీద ఉప్పు తెల్లగా పేరుకునేది. ఆ ఉప్పు తేమను పీల్చుకుని, గాలిలో లేని తేమను చూపించేది. శుద్ధజలంతో కడిగి ఆరబెట్టేలోగా గాలే మారిపోయేది. 2001లో హవాయి దగ్గరి ప్రయోగంలో, నిలువుగా తేలే ఫ్లిప్ అనే వేదిక నుంచి ఒడ్డుకు సంకేతాలు పంపారని చదివినప్పుడల్లా నాకు అసూయే.

ఇంత రాశాక చూస్తే, తప్పుపట్టవలసింది సూత్రాన్ని కాదేమో అనిపిస్తోంది. మా గడ చూపింది ఒక్కచోటి గాలిని, అదీ అలలతో పాటు ఎగిరిపడే రీడింగులతో. సంకేతం దాటేది పదుల కిలోమీటర్ల గాలిని. సగటు చెప్పే సూత్రమే ఆ దారికి దగ్గర కావచ్చు. అయితే నీటికంటే గాలి వెచ్చగా ఉన్నప్పుడు అర డిగ్రీ తేడాకే దాని జవాబు తారుమారవుతుంది. ఓడ అడుగున తీసిన నీటి ఉష్ణోగ్రత, పైపొర ఉష్ణోగ్రత ఒకటి కావు. వీళ్లు ఏది వాడారో పట్టికలో ఎక్కడా లేదు. ఉత్తరం ఇప్పుడే రాస్తే మాట తూలుతాను; పొద్దున అడుగుతాను.