లాటన్ పుట్టిన హోటల్ చూడ్డానికి స్కార్‌బరో వెళ్లాం

లండన్‌లో పెర్సీ స్ట్రీట్ చిన్న వీధి. అక్కడ పదిహేనో నంబరు ఇంటి గోడకి నీలం రంగు గుండ్రటి ఫలకం ఒకటి ఉంటుంది. నటుడు చార్లెస్ లాటన్ 1928 నుంచి 1931 దాకా ఆ ఇంట్లో ఉన్నాడని చెప్పే ఫలకం. ఆయన నటన నేర్చుకున్న రాడా, అంటే రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్, అక్కడికి నడిచి వెళ్లేంత దూరమే. 1925లో అందులో చేరి, మరుసటి ఏడాదే గోల్డ్ మెడల్ కొట్టాడు. రెండూ చూశాను. కానీ లాటన్‌ని అర్థం చేసుకోవాలంటే లండన్‌లో తిరిగితే చాలదని నాకు చాలాకాలంగా అనిపిస్తూ వచ్చింది. ఆయన చదివిన అసలు బడి రాడా కాదు, యార్క్‌షైర్ తీరంలో అమ్మానాన్నలు నడిపిన హోటల్. అది చూడాలి.

లీడ్స్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు "నేనూ వస్తాను మావయ్యా, కానీ ఎవరీయన?" అంది. వాళ్ల తరం ఆయన సినిమాలు చూసి ఉండదు. దార్లో చెబుతానన్నాను.

యార్క్‌లో రైలు మారితే అక్కణ్ణుంచి గంట లోపే స్కార్‌బరో. మాల్టన్ ఊరు వచ్చే ముందు కొంతదూరం పట్టాలు డెర్వెంట్ నది ఒడ్డునే, దాని వంపులన్నీ తిరుగుతూ పోతాయి. పాతకాలపు మఠం ఒకటి, కర్‌కమ్ అబ్బే, శిథిలమై కిటికీలోంచి కనిపిస్తుంది. ఆ తర్వాత గొర్రెలు, పొలాలు, మళ్లీ గొర్రెలు. అక్కడ చెప్పడం మొదలుపెట్టాను.

లాటన్ 1899 జులై 1న పుట్టాడు. తల్లి ఎలైజా ఐరిష్ మూలాలున్న కాథలిక్, పట్టుదల గల మనిషి. పెద్దకొడుకు హోటల్ వ్యాపారం చూసుకోవాలని ఆమె కోరిక. స్టోనీహర్స్ట్‌లోని జెస్యూట్ల బడిలో చదివించింది. పని నేర్చుకు రమ్మని లండన్‌లో క్లారిడ్జెస్ హోటల్‌కి పంపింది. అంత పెద్ద హోటల్లో గుమస్తాగా ఉన్నా ఆ కుర్రాడి మనసంతా సాయంత్రం ఏ నాటకానికి టికెట్ దొరుకుతుందా అన్నదాని మీదే. మొదటి ప్రపంచయుద్ధానికి వెళ్లి మామూలు సిపాయిగా పోరాడాడు, విషవాయువు పీల్చాడు. తిరిగొచ్చాక మళ్లీ హోటలే. పగలు లెక్కలు, రాత్రి ఊరి ఔత్సాహిక బృందంతో నాటకాలు. రాడాలో చేరే వేళకి ఆయనకి పాతికేళ్లు దాటాయి.

"అంత లేటుగానా?" అంది మేనకోడలు.

లేటే. పైగా లావు, గుండ్రటి మొహం, వేలాడే బుగ్గలు, దళసరి పెదవులు. తన రూపం మీద ఆయనకి జీవితాంతం అసహ్యం ఉండేది, ఆ సంగతి దాచుకోలేదు కూడా. హీరో కాగల లక్షణం పైకి ఒక్కటీ కనిపించదు. 1926లో తొలిసారి వృత్తి నటుడిగా స్టేజీ ఎక్కాడు. రెండేళ్లకల్లా అగథా క్రిస్టీ డిటెక్టివ్ పొయిరోని రంగస్థలం మీద మొట్టమొదట చూపించిన నటుడయ్యాడు. నటి ఎల్సా లాంచెస్టర్‌తో పెళ్లి 1929లో. ఆ మరో రెండేళ్లకి న్యూయార్క్, ఆపైన హాలీవుడ్.

స్కార్‌బరో స్టేషన్లో దిగగానే మొదట కంటపడేది బెంచీ. ప్లాట్‌ఫారం పొడవునా గోడకి ఆనించి వేసిన ఒకే ఒక్క బెంచీ, 139 మీటర్లు. వేసవి సెలవులకి రైళ్లలో జనం విరగబడి వచ్చిన రోజుల్లో వేసింది. అది చూస్తే ఈ ఊరు దేనిమీద బతికిందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఊరంతా అతిథుల కోసమే.

గడియారపు గోపురం కింద నుంచి బయటికి రాగానే ఎదురుగా విక్టోరియా హోటల్. వెతకాల్సిన పనే లేదు. రైలు దిగి పెట్టె పట్టుకుని బయటికొచ్చిన మనిషి చూపు ముందు దానిమీదే పడేలా కట్టారు. గోడకి లాటన్ ఇక్కడే పుట్టాడని చెప్పే ఫలకం ఉంది. ఆ గుమ్మం ఎదుట పేవ్‌మెంట్ మీద చాలాసేపు నిలబడ్డాను. రైలు వచ్చినప్పుడల్లా ఒక గుంపు బయటికి రావడం, రోడ్డు దాటడం, సముద్రం వైపు పోవడం. చక్రాల పెట్టె లాగుతూ ఒక ముసలాయన, ఆయనకి మూడడుగులు ముందు నడుస్తూ వెనక్కి తిరిగి తిరిగి కసురుతున్న భార్య. కొత్తగా పెళ్లయినట్టున్న జంట. చేతిలో బకెట్టూ చిన్న పారా పట్టుకుని, ఎందుకో మొహం ముడుచుకున్న పిల్లాడు.

హోటల్ వాళ్ల పిల్లాడు చూసేది ఇదే. వచ్చేటప్పుడు దర్జాగా వచ్చి బిల్లు కట్టేటప్పుడు నసిగేవాళ్లని చూస్తాడు. భోజనాల గదిలో వడ్డించేవాడి ముందు పెద్దమనిషిలా కూర్చుని, ఎవరూ చూడనప్పుడు ఎముక చీకేవాణ్ణి చూస్తాడు. నౌకరు మొహం అతిథి ఎదుట ఎలా ఉంటుందో, వంటగది తలుపు దాటగానే ఎలా మారుతుందో చూస్తాడు. ఇదంతా నా ఊహే అనుకోండి, కానీ ఆయన సినిమాలు చూస్తే గట్టి ఆధారం ఉన్న ఊహ.

ఎనిమిదో హెన్రీగా 1933లో వేశాడు, అలెగ్జాండర్ కోర్డా సినిమాలో. దానికే ఉత్తమ నటుడిగా ఆస్కార్ వచ్చింది. అందులో విందు దృశ్యం ఉంది. రాజుగారు కోడిని రెండు చేతులా పట్టుకుని చీలుస్తాడు. నోటినిండా కుక్కుకుంటాడు. తిన్న ఎముక భుజం మీదుగా వెనక్కి విసిరేస్తాడు. అలా విసురుతూనే, ఈ రోజుల్లో మర్యాదలు మంటగలిసిపోయాయని బాధపడతాడు! నవ్వొస్తుంది. కానీ లాటన్ ఆ మాట నవ్వించడానికి అనడు. రాజుకి నిజంగానే బాధ. తిండి మీద యావా, మర్యాద పోయిందన్న దిగులూ ఒకే మనిషిలో, ఒకే క్షణంలో. భోజనాల గదిలో ఏళ్లతరబడి జనాన్ని చూసినవాడికే ఆ సంగతి తెలుస్తుంది. ఆ సినిమాలో రాజుగారి నాలుగో భార్యగా వేసింది ఎల్సాయే. మొదటి రాత్రి పేకాడి మొగుణ్ణి ఓడిస్తుంది.

1935లో ఆయన హాలీవుడ్‌లో ఇంగ్లిష్ బట్లర్‌గా చేశాడు. యజమాని పేకాటలో ఓడి, ఈ బట్లర్‌ని ఒక అమెరికన్‌కి అప్పజెబుతాడు. అమెరికా పల్లెటూరి బార్‌లో ఒకరోజు లింకన్ గెటిస్‌బర్గ్‌లో ఏం చెప్పాడన్న ప్రస్తావన వస్తుంది. అక్కడున్న అమెరికన్లలో ఒక్కడికీ గుర్తురాదు. బట్లర్ ముందు గొణుగుతున్నట్టు, తనలో తను అనుకుంటున్నట్టు మొదలుపెట్టి, ఆ ప్రసంగం మొత్తం చెప్పేస్తాడు. గొంతు పెంచడు, చెయ్యి ఊపడు. జీవితమంతా "చిత్తం" అన్న మనిషి, మనుషులంతా సమానులన్న మాట నోటితో అని చూసుకుంటున్నాడు. హోటల్లో పెరిగిన కుర్రాడికి ఆ బట్లర్ బయటివాడు కాదు. 1950లో లాటన్ అమెరికా పౌరసత్వం తీసుకున్నాడని చదివినప్పుడల్లా నాకు ఈ దృశ్యమే గుర్తొస్తుంది.

కొండ దిగి సౌత్ బే వైపు నడిచాం. దార్లో గ్రాండ్ హోటల్. 1867లో కట్టినప్పుడు ఏడాదిని లెక్కలో పెట్టుకుని కట్టారట. ఋతువుల లెక్కన నాలుగు గోపురాలు, నెలల లెక్కన పన్నెండు అంతస్తులు, వారాల లెక్కన 52 పొగగొట్టాలు, రోజుల లెక్కన 365 గదులు. 1914 డిసెంబరు 16 పొద్దున జర్మన్ యుద్ధనౌకలు ఈ ఊరి మీద గుండ్లు కురిపించినప్పుడు ఈ హోటల్‌కీ తగిలాయి. అప్పటికి లాటన్‌కి పదిహేనేళ్లు.

బీచిలో చేపా చిప్సూ కొనుక్కుని గోడమీద కూర్చున్నాం. ఇక్కడి సీగల్స్‌కి భయం లేదు. మనిషి చేతి వంకే చూస్తూ అడుగు దూరంలో నిలబడతాయి. తింటూ క్వాసిమోడో గురించి చెప్పాను, "ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్‌డామ్" సినిమాలో గంటలు కొట్టే గూనివాడు. 1939 వేసవి, కాలిఫోర్నియా ఎండ, మొహం మీదా వీపు మీదా బరువైన మేకప్. తన రూపాన్ని అంతగా ఏవగించుకున్న మనిషి, లోకం ఏవగించుకునే గూనివాడిగా నటించాడు. కొరడా దెబ్బలు తిని, దాహంతో నాలుక పిడచకట్టుకుపోయినవాడికి ఎస్మెరాల్డా అనే జిప్సీ పిల్ల నీళ్లు పోస్తుంది. ఆ తర్వాత గుళ్లోకి వచ్చి అతను చెప్పేది ఒకటే, ఆవిడ నాకు నీళ్లిచ్చింది అని. ఆ మాట అనేటప్పుడు లాటన్ ఒక్క కన్నే కనిపిస్తుంది, రెండోది మేకప్ కింద ఉంది. ఆ ఒక్క కంటితో ఆయన చేసింది చూశాక, అందం లేకపోవడం నటుడికి లోటని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మధ్యాహ్నం క్రెసెంట్‌లోని ఆర్ట్ గ్యాలరీకి వెళ్లాం. తమ్ముడు టామ్ లాటన్ ఊళ్లోనే ఉండి హోటళ్లు నడిపాడు. సంపాదనతో బొమ్మలు కొన్నాడు, అందులో చాలా భాగం ఊరి గ్యాలరీకే ఇచ్చేశాడు. అన్నకీ చిత్రకళ పిచ్చే. 1936లో రెంబ్రాంట్‌గా నటించాడు కూడా. అమ్మ అప్పగించాలనుకున్న పని తమ్ముడు చేశాడు కాబట్టే అన్నకి వెళ్లే వీలు దొరికిందని నాకనిపించింది. నటుల జీవితకథల్లో ఇలాంటి తమ్ముళ్లకి ఒక్క వాక్యం కంటే ఎక్కువ చోటు దొరకదు. ఈ ఊళ్లో మాత్రం టామ్‌కి గోడలు దొరికాయి.

రాత్రి నాటకానికి వెళ్లాం. స్టీఫెన్ జోసెఫ్ థియేటర్ కూడా స్టేషన్ ఎదురుగానే ఉంది. 1936లో ఓడియన్ సినిమాహాలుగా తెరిచిన భవనం, 1996 నుంచి నాటకశాల. స్టేజీ మధ్యలో, చుట్టూ నాలుగువైపులా జనం, 404 సీట్లు. నాటకకర్త అలన్ ఏక్‌బోర్న్ 1972 నుంచి 2009 వరకు నడిపిన సంస్థ ఇది. ఇలాంటి హాల్లో నటుడికి వీపు దాచుకునే చోటుండదు. ఏదో ఒక పక్క నుంచి ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. మా ముందునుంచే నడిచి వెళ్లిన నటి మెడ మీద చెమట కనిపించింది.

విరామంలో బ్రెష్ట్ సంగతి చెప్పాను. లాటన్ కీర్తిలో ఉన్న రోజుల్లో, జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన నాటకకర్త బ్రెష్ట్‌తో కూర్చుని, ఆయన రాసిన గెలీలియో నాటకాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు. ఈయనకి జర్మన్ రాదు, ఆయనకి ఇంగ్లిష్ అంతంతమాత్రం. ఒకరు చేసి చూపిస్తే ఒకరు మాట వెతికేవారు. మూడేళ్ల దాకా పట్టింది. 1947లో లాస్ ఏంజిలిస్‌లో చిన్న హాల్లో ఆడారు. సినిమా డబ్బుకి ఏ కొదవా లేని నటుడు ఆ పనికి కూర్చోవడం నాకు ఆస్కార్ కంటే పెద్ద విషయం. 1959లో, అరవై ఏళ్ల వయసులో, స్ట్రాట్‌ఫర్డ్‌లో కింగ్ లియర్ కూడా వేశాడు. 1962 డిసెంబరులో కేన్సర్‌తో పోయాడు.

బసకి వచ్చాక మేనకోడలు లాప్‌టాప్ తెరిచింది. లాటన్ దర్శకత్వం వహించిన ఒకే ఒక్క సినిమా, 1955 నాటి "ది నైట్ ఆఫ్ ది హంటర్" పెట్టుకున్నాం. వేళ్ల మీద ప్రేమ, ద్వేషం అని పచ్చబొట్లు పొడిపించుకున్న దొంగ మతబోధకుడు, దాచిన డబ్బు కోసం ఇద్దరు పిల్లల వెంట పడతాడు. వాళ్లు పడవెక్కి రాత్రివేళ నది వెంట కొట్టుకుపోతుంటే, ఒడ్డున సాలెగూడు, కప్ప, కుందేళ్లు తెరనిండా పెద్దవిగా కనిపిస్తూ, వెనక చిన్నగా పడవ సాగిపోతుంది. పిల్లల చూపుతో తీసిన భయం అది. విడుదలైనప్పుడు జనం చూడలేదు, డబ్బు రాలేదు. లాటన్ మళ్లీ సినిమా తియ్యలేదు. ఇప్పుడు దాన్ని అమెరికన్ సినిమాలోకెల్లా గొప్పవాటిలో లెక్కేస్తారు. ఆయన పోయిన మూడు దశాబ్దాలకి, 1992లో, భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో, అంటే అక్కడి నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చారు.

"మావయ్యా, నీ హెన్రీ కంటే ఇదే గొప్ప" అంది సినిమా అయిపోగానే. ఇందులో ఆయన తెర మీద కనిపించనే కనిపించడు కదే అన్నాను. "అయినా సరే" అంది. మర్నాడు రైల్లో యార్క్ దాకా దానిమీదే వాదించుకున్నాం. కోడి ఎముక విసిరే దృశ్యం ఫోన్లో మళ్లీ పెట్టి చూపించినా తను ఒప్పుకోలేదు.