నాన్న వైపు చరిత్ర ఎవరూ అడగలేదు

నిన్న సాయంత్రం రిపోర్టు వచ్చింది. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే బీఆర్‌సీఏ1 జన్యు మార్పు మా కుటుంబంలో ఉంది, నాకు మాత్రం లేదు. మనసు కుదుటపడింది కానీ కోపం ఇంకా తగ్గలేదు.

మా నాయనమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. పెద్దత్త 49 ఏళ్లకే అండాశయ క్యాన్సర్‌తో పోయింది. చిన్నత్తకు 42 ఏళ్లకు రొమ్ములో గడ్డ తేలింది, వైద్యం చేయించుకుని బాగానే ఉంది. ఇన్ని ఉన్నా నేను మొదట వెళ్లిన డాక్టరు అడిగింది ఒకటే: “మీ అమ్మగారి వైపు ఎవరికైనా ఉందా?” లేదన్నాను. “అయితే టెన్షన్ పడకండి” అని పంపేశారు. ఈ మార్పు అమ్మ నుంచి ఎలా వస్తుందో నాన్న నుంచీ అలాగే వస్తుంది. ఉన్నవాళ్ల పిల్లల్లో ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం సగానికి సగం, కొడుకైనా కూతురైనా. ఇంత మాత్రం తెలియకుండా ఆడవాళ్లకు ధైర్యం చెప్పి పంపడం ఏం పద్ధతి?

తర్వాత హైదరాబాద్‌లో వంశపారంపర్య జబ్బుల మీద సలహా ఇచ్చే ఒక జెనెటిక్ కౌన్సెలర్‌ను కలిశాను. ఎవరికి ఏ క్యాన్సర్, ఏ వయసులో వచ్చిందో రాసుకురమ్మన్నారు. జబ్బు వచ్చిన మనిషికే ముందు పరీక్ష చేయాలనీ, ఆమెలో ఏ మార్పు ఉందో తేలితే మాకు దాన్నొక్కదాన్నే వెతకొచ్చనీ చెప్పారు. అది తెలియకుండా నాకు లేదని వచ్చినా నిశ్చింతగా ఉండలేమట.

అసలు నరకం అక్కడే మొదలైంది. పెద్దత్త సంగతి అడిగితే పెదనాన్న “కడుపులో గడ్డ, అంతే” అన్నారు. పాత ఆస్పత్రి కాగితాలు చూపించమన్నాను. “పెళ్లి కావాల్సిన పిల్లలున్న ఇంట్లో ఇవేం మాటలు? మా వంశానికి జబ్బుందని ఊరంతా చాటుతావా?” అని అందరి ముందూ కేకలేశారు. చిన్నత్త కూతురికి అప్పుడే సంబంధాలు చూస్తున్నారు. ఆ పిల్ల ముందే నన్ను గుమ్మం దాటమన్నట్టు మాట్లాడారు. తల దించుకుని బయటికొచ్చాను. దాచిపెడితే సంబంధం కుదురుతుందేమో, జబ్బు మాత్రం ఆగదు. పెద్దత్త కాగితాలు ఇప్పటికీ ఇవ్వలేదు.

చిన్నత్తను ఒప్పించింది నా పంతం కాదు, ఆమె ఆరోగ్యమే. ఈ మార్పున్న ఆడవాళ్లలో 80 ఏళ్లు వచ్చేలోపు నూటికి దాదాపు 72 మందికి రొమ్ము క్యాన్సర్, 44 మందికి అండాశయ క్యాన్సర్ వస్తాయని ఒక పెద్ద అధ్యయనం అంచనా. అండాశయ క్యాన్సర్‌ను ముందే నమ్మకంగా పట్టుకునే పరీక్ష లేదు. అందుకే అండాశయాలు, ఫెలోపియన్ నాళాలు ముందే తీయించుకోమంటారు. “రొమ్ము సంగతి అయిపోయింది. అండాశయాలు ఇంకా ఉన్నాయి కదత్తా” అన్నాను. మర్నాడే నాతో బయల్దేరింది.

రక్తం ఇవ్వడం ఐదు నిమిషాల పని. అత్తకు ఉందని వచ్చింది, తర్వాత నాన్నకూ ఉందని తేలింది. అత్తకు ఆపరేషన్ తేదీ ఇచ్చారు. ఆమె కూతురు పెదనాన్నకు చెప్పకుండానే శాంపిల్ ఇచ్చింది. ఉందని తేలితే 25 ఏళ్ల నుంచే ఏటా రొమ్ము ఎమ్మారై చేయించుకోవాలి.

మీరు కౌన్సెలర్ దగ్గరికి వెళ్లేముందు మీవాళ్ల బయాప్సీ (గడ్డ ముక్క తీసి చేసిన పరీక్ష) రిపోర్టులు ఎలాగైనా సంపాదించండి, చుట్టాల మాట నమ్మొద్దు. మీ డాక్టరు నాన్న వైపు అడగకపోతే మీరే చెప్పండి.

మా తమ్ముడు మాత్రం “మగవాణ్ణి, నాకెందుకక్కా” అంటున్నాడు. వాడికి ఇద్దరు ఆడపిల్లలు. నాన్న రిపోర్టు కాపీ ఈరోజే వాడికి పంపాను.