లైబ్రరీలో పేపర్లు తప్ప ఏముంటాయి అనేవాళ్లకి

ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, పిల్లలకి వ్యాసరచన, క్విజ్, పాటలు, ఆడవాళ్లకి ముగ్గుల పోటీ, అన్నీ ఉచితమే, అయినా సగం మందికి తెలీదు. ఎలా తెలుస్తుంది, గేటుకి ఓ ఫ్లెక్సీ కట్టి ఊరుకుంటే!

నాకైతే లైబ్రరీల్లో పెట్టే వేసవి శిబిరాలు ఇంకా ఇష్టం. మా మేనకోడలు వెళ్లిన చోట ఒకరు కథ పైకి చదువుతారు, అయ్యాక ఇంకొకరు పుస్తకం చూడకుండా అదే కథ సొంత మాటల్లో చెప్పాలి. మా పిల్ల సింహాన్ని బావిలో దూకనివ్వలేదు, కుందేలుతో రాజీ చేయించి పంపేసింది. అదేంటే అంటే "పాపం కదత్తా" అంది.

ఇదంతా ఎవరో చేసే దానం కాదండోయ్. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మనమే కడుతున్నాం, వసూలైన ఆ సొమ్ము చాలా చోట్ల లైబ్రరీల్ని నడిపే గ్రంథాలయ సంస్థలకి చేరకుండా బకాయి పడుతుంది, కొత్త పుస్తకాలు రావట్లేదని లైబ్రేరియన్ మీద అరిచి ఏం లాభం?

పోటీలకి పేర్లు ముందే ఇవ్వాలేమో ఓసారి వెళ్లి కనుక్కోండి. శుక్రవారం మాత్రం వద్దు, చాలా శాఖలకి ఆ రోజు సెలవు.